పిడి మీద చెయ్యి ఉండే చోటు

మా టెన్నిస్ మేడం పోయిన బుధవారం పొద్దున కన్నుమూశారు. నేను కొత్తకోట దగ్గర ఒక సర్కారు బడిలో ఆటల టీచర్‌ని. ఆ పొద్దున మైదానంలో కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు వేయిస్తుంటే మహబూబ్‌నగర్ నుంచి మేడం చెల్లెలు ఫోన్ చేశారు. ఎప్పుడు చేసినా "తిన్నవా బిడ్డా" అన్నదే ఆమె మొదటి మాట. ఆ రోజు ఆ మాట రాలేదు. "అక్క పోయింది, రా" అన్నారు. సరేనన్నాను. ఎప్పుడు, ఎట్లా అని అడగాలని కూడా తోచలేదు.

దేవరకద్ర మీదుగా పోయే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బయట పత్తి చేలు, రాళ్ళగుట్టలు, మళ్ళీ పత్తి చేలు. ఎంతసేపటికో చూసుకుంటే నా కుడిచెయ్యి చున్నీ కొంగులో దాక్కొని ఉంది. చాలా ఏళ్ళ కిందట మానుకున్న అలవాటు అది. ఆ అలవాటును నాతో మాన్పించిన మనిషి దగ్గరికే పోతున్నాను, కడసారి చూడటానికి. చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆమె గురించి మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. పేపర్లో ఫొటో పడేంత పేరున్న మనిషి కాదు. మా కాలేజీలో ఆటలు నేర్పే మేడం, అంతే. కానీ పాలమూరు పల్లెల నుంచి వచ్చి ఆ కాలేజీలో చదివిన చాలామంది ఆడపిల్లల అరచేతులకు ఆమె తెలుసు.

ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి. మాది గొర్లు కాసుకొనే ఇల్లు. రెండు బర్రెలు కూడా ఉండేవి. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు చొప్ప కోసే మిషన్‌లో నా కుడిచేతి చూపుడు వేలు సగానికి పైగా, దాని పక్క వేలి కొస పోయాయి. బాపు చక్రం తిప్పుతున్నాడు, నేను జొన్న చొప్ప లోపలికి తోస్తున్నాను. క్షణంలో అయిపోయింది. గాయం మానింది కానీ ఆ తర్వాత బాపు నా కుడిచెయ్యి వంక చూడటం మానేశాడు. ఏదన్నా ఇవ్వాల్సి వస్తే నా ముందు కింద పెట్టి వెళ్ళిపోయేవాడు. మా అవ్వ మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఆ చెయ్యి చూపించి, దీనికి పెండ్లెట్లయితదో అని బాధపడేది. ఒకరు చూడక, ఒకరు చూపించి, ఇద్దరూ కలిసి నాకు దాచుకోవడం నేర్పారు. బడిలో జేబు, కాలేజీకి వచ్చాక చున్నీ. రాయడం ఎట్లాగో నేర్చుకున్నాను గానీ ఎవరైనా చూస్తుంటే రాసేదాన్ని కాదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీలో చేరాను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి ఆటల పిచ్చి. ఒక సాయంత్రం నన్ను కూడా టెన్నిస్ కోర్టుకు లాక్కుపోయింది. కోర్టంటే ఎర్ర మొరం పోసి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పి చదును చేసిన జాగా. వల మధ్యలో రెండుచోట్ల చిరిగితే గొర్రెబొచ్చు తాడుతో కుట్టారు. ఆ వల పక్కన మేడం నిలబడి ఉన్నారు. నేత చీర, దాని కింద తెల్లటి కాన్వాసు బూట్లు. కొంగు నడుముకు చెక్కి పిన్ను పెట్టుకున్నారు. కొప్పులో ఒక బాల్‌పెన్ను.

కొత్తగా వచ్చినవాళ్ళను వరుసలో నిలబెట్టి కుడిచేతులు చాపమన్నారు. అందరి అరచేతులూ చూస్తూ వస్తున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను ఎడమచెయ్యి చాపాను. కుడిది చూపించమంటే నాది ఎడమచేతి వాటమని చెప్పాను. ఆమె సరేనని తలూపి ముందుకు పోయారు. రెండడుగులు పోయి, తిరిగి చూడకుండానే ఒక బాల్‌ను నా మీదికి విసిరారు. నేను పట్టుకున్నాను. పట్టుకున్నాక చూసుకుంటే అది కుడిచేతిలో ఉంది. చున్నీ కిందపడి ఉంది.

"అబద్ధం నువ్వు చెప్పినవ్. నీ చెయ్యి చెప్పలే" అన్నారు మేడం.

నా చెయ్యిని తన చేతుల్లోకి తీసుకున్నారు. అయ్యో అనలేదు. ఎట్లా పోయిందని అడగలేదు. అరచేతిని వెలుగుకు తిప్పి, చూపుడు వేలు మొదలయ్యే చోట ఉండే గుబ్బను బొటనవేలితో నొక్కి, "నొస్తాందా" అన్నారు. లేదన్నాను. చిటికెన వేలి కిందుగా మణికట్టుకు ఆనుకొని ఉండే మెత్తటి చోటు నొక్కి మళ్ళీ అడిగారు. లేదన్నాను.

"అయితే ఫికర్ చెయ్యకు. ర్యాకెట్‌ను పట్టేది ఈ రెండు జాగాలే. పోయినదాంతోని నాకు పన్లేదు, ఉన్నదాంతోనే పని."

తర్వాత కొప్పులోంచి పెన్ను తీసి ఆ రెండుచోట్లా రెండు నీలం చుక్కలు పెట్టారు. నా ఒక్కదానికే కాదు, వరుసలో ఉన్న అందరికీ పెట్టారు. అందరి చేతులకూ అవే రెండు చుక్కలు. తొమ్మిదేళ్ళలో నా చెయ్యి నలుగురి చేతుల్లాంటి చెయ్యి కావడం అదే మొదలు.

టెన్నిస్ ఆడనివాళ్ళు ర్యాకెట్ పిడి గుండ్రంగా ఉంటుందనుకుంటారు. ఉండదు. దానికి ఎనిమిది పలకలుంటాయి, చెక్కిన పెన్సిల్ మాదిరి. ర్యాకెట్‌ను కత్తిలా అంచు కిందికి పెట్టి అడ్డంగా పట్టుకుంటే మీదికి వచ్చేది ఒకటో పలక. అక్కడి నుంచి కుడివైపు దిగుతూ పోతే రెండు, మూడు, నాలుగు, అన్నిటికంటే అడుగున అయిదు. చూపుడు వేలి మొదలు ఏ పలక మీద కూర్చుంటుందో దాన్నిబట్టి పట్టు పేరు మారుతుంది, పట్టును బట్టి ఆట మారుతుంది. మేడం ఇదంతా బోర్డు మీద రాసి చెప్పలేదు. పిడికి తెల్ల గుడ్డ టేపు చుట్టి, చుక్కలు పెట్టిన చేతులతో పట్టుకోమనేవారు. కాసేపు ఆడాక చెయ్యి తీస్తే చెమటకు సిరా టేపు మీద దిగి ఉండేది. "సంతకం ఏడ పడ్డదో చూడు" అనేవారు. రెండో పలక మీద పడాల్సిన సంతకం మూడో పలక మీద పడితే బాల్ ఎందుకు వలకు తగిలిందో మనకే తెలిసిపోయేది. తిట్టాల్సిన పని ఆమెకు ఉండేది కాదు.

రెండో పలక మీదిది కాంటినెంటల్ పట్టు. "కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి ఎట్ల పడ్తవో గట్ల" అనేవారు. సర్వీసు, వల దగ్గర అడ్డుకొని కొట్టే దెబ్బలు ఈ పట్టుతోనే. మూడోది ఈస్టర్న్. ర్యాకెట్‌తో చేయి కలిపినట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఫోర్‌హ్యాండ్ ముందు ఈ పట్టుతోనే నేర్పేవారు. నాలుగోది సెమీ వెస్టర్న్. అరచెయ్యి పిడి వెనక్కు పోయి దన్నుగా నిలబడుతుంది, బాల్ పైకి లేచి గిర్రున తిరుగుతూ అవతలి గీత లోపలే దిగుతుంది. అయిదోది పూర్తి వెస్టర్న్. నేల మీద పడుకోబెట్టిన ర్యాకెట్‌ను పైనుంచి పట్టి లేపితే వచ్చే పట్టు అది. దాన్ని మేడం మాకు చూపించారే కానీ ఆడనివ్వలేదు, మణికట్టు పాడవుతుందని.

ఎంత గట్టిగా పట్టాలన్నది నాకు ఎప్పుడూ సందేహమే. వేలు లేని లోటు బిగింపుతో తీర్చుకోవాలని చూసేదాన్ని. పది నిమిషాలకే మోచెయ్యి గుంజేది. మేడం ఒకరోజు, మా ఇంట్లో గొర్లున్నాయి కదా, అప్పుడే పుట్టిన పిల్లను ఎట్లా ఎత్తుకుంటానని అడిగారు. చేతులతో చూపించాను. "గంతే. దానికి ఊపిరాడాలె, నీ చేతులకెళ్ళి జారొద్దు. ర్యాకెట్ గూడ గంతే" అన్నారు. ఇప్పుడు మా బడిలో టెన్నిస్ నేర్పేటప్పుడు నేను పిల్లలకు చెప్పేదీ ఆ మాటే.

అయినా నాకు ఫోర్‌హ్యాండ్ రాలేదు. ఈస్టర్న్ పట్టులో చూపుడు వేలు పిడికి వెనకనుంచి కొక్కెంలా పట్టి ఆపుతుంది. నాకు ఆ కొక్కెం లేదు. బాల్ ర్యాకెట్ నడుమ తగిలితే సరే, కాస్త పక్కకు తగిలితే పిడి చేతిలోనే తిరిగిపోయేది. నెలలు గడిచాయి. నాతో చేరినవాళ్ళు ఆటలు ఆడుతున్నారు, నేను గోడకు కొడుతున్నాను. ఒకరోజు ర్యాకెట్‌ను బెంచీ మీద పెట్టి, ఇక రానని మేడంతో చెప్పాను. నాకున్న చెయ్యితో ఇది కాదన్నాను. ఆమె నన్ను ఆపలేదు. రేపొక్కరోజు మాత్రం రమ్మన్నారు.

మరునాడు పోయేసరికి మేడం కుడిచేతికి తెల్ల టేపు చుట్టుకొని ఉన్నారు. చూపుడు వేలినీ దాని పక్క వేలినీ అరచేతిలోకి మడిచి టేపుతో బిగించుకున్నారు. నన్ను వలకు అవతల నిలబెట్టి ఆడమన్నారు. ఆమె కొట్టిన మొదటి బాల్ వలలో పడింది. రెండోది పక్క తోటలోకి పోయింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి, మంచి ఆటగత్తె. అట్లాంటి మనిషి చేతిలో ర్యాకెట్ తిరిగిపోవడం, మిగతా అమ్మాయిలు నోరు మూసుకొని నవ్వాపుకోవడం చూశాను. ఆమె నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. బాల్ పోయిన ప్రతిసారీ తన చెయ్యి వంక చూసుకొని, కొంచెం జరిపి మళ్ళీ పట్టుకొనేవారు.

ఆ వారమంతా అట్లాగే ఆడారు. టేపు విప్పితే వేళ్ళు కందిపోయి, నీలంగా ఉండేవి. ఆ వేళ్ళతో అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది పడటం క్యాంటీన్లో చూశాను. వద్దు మేడం అన్నాను. "నాకు తెల్వంది నీకెట్ల నేర్పాలె" అన్నారు.

వారం చివర ఆమెకు దారి దొరికింది. మూడో పలక నుంచి నాలుగో పలకకు చెయ్యి దించితే అరచెయ్యే పిడి వెనక గోడలా నిలబడుతుంది, చూపుడు వేలు పని చాలావరకు అది చేస్తుంది. ఇంకా మిగిలిన ఖాళీకి టేపు కింద చీర అంచు ముక్క ఒకటి మడత పెట్టి చుట్టారు, సరిగ్గా నా వేలు ఉండాల్సిన చోట. ఆ ముక్క ఆమె నాయిన నేసిన చీరదని తర్వాత తెలిసింది. మేడంది మోత్కూర్ దగ్గర నేతవాళ్ళ కుటుంబం. చదువుకొనే రోజుల్లో మగ్గం మీద కూర్చొని నేసిన మనిషి, ఆటల చదువుకు హైదరాబాద్ పోయినప్పుడు మొదటిసారి ర్యాకెట్ పట్టుకున్నారట. ఆ పిడితో నేను కొట్టిన మొదటి బాల్ వల మీదుగా పోయి, అవతలి గీత లోపల పడి, ఎర్రదుమ్ము లేపింది. నేను మేడం వంక చూశాను. ఆమె అప్పటికే ఇంకో బాల్ చేతిలోకి తీసుకుంటున్నారు.

ఆ ఏడు ఎండాకాలం ముందు బాపు నన్ను చూడటానికి వచ్చాడు. గొంగడి భుజాన వేసుకొని, రొట్టెల మూట పట్టుకొని కోర్టు కంచె బయట నిలబడ్డాడు. నేను ఆడటం చూస్తున్నాడని నాకు తెలియదు. మేడం చూసి, లోపలికి రా అన్నా అని పిలిచి, బెంచీ మీద కూర్చోమన్నారు. బాపు కూర్చోలేదు. నేను దగ్గరికి వచ్చేసరికి తల దించుకొని ఆమెతో చెప్తున్నాడు.

"గా మిషన్ నేనే తిప్పిన మేడం. పిల్ల చెయ్యి లోపలున్నది నేను చూడలే."

బాపు నోటినుంచి ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మేడం ఆయన్ను ఓదార్చలేదు, నీ తప్పు కాదని చెప్పలేదు. నా చెయ్యి తీసుకొని, చెమటకు చెరిగిపోయిన చుక్కలు చూసి, కొప్పులోంచి పెన్ను తీసి బాపు చేతికిచ్చారు.

"చుక్క పోయింది అన్నా. జర నువ్వే పెట్టు. వేలు మొదలున్న తాన."

బాపు పెన్ను పట్టడం ఎరిగిన మనిషి కాదు. దాన్ని పిడికిట్లో పట్టుకొని ఎటూ తోచక నిలబడ్డాడు. తర్వాత ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత. తెగిన వేలిని ఒకసారి తన బొటనవేలితో తడిమి, దాని మొదట్లో చుక్క పెట్టాడు. చుక్క కాదది, జారి పెద్ద గీతైంది. మేడం దాన్ని చూసి మంచిగున్నదని చెప్పి, నన్ను ఆటకు పొమ్మన్నారు. ఆ రోజు నేను ఎట్లా ఆడానో నాకు గుర్తులేదు. బాపు మళ్ళీ కంచె బయటికి పోయి పొద్దుగూకేదాకా నిలబడి ఉండటం గుర్తుంది.

డిగ్రీ చివరి ఏడు కాలేజీల పోటీల్లో ఆడి సెమీ ఫైనల్లో ఓడిపోయాను. నా సర్వీసు మొదటినుంచీ బలహీనమే. సర్వీసుకు గొడ్డలి పట్టే కావాలి, అక్కడ అరచెయ్యి దన్ను దొరకదు. మేడం చాలా ప్రయత్నించారు గానీ దానికి మందు దొరకలేదు. ఆట అయిపోయాక వల దగ్గర అవతలి అమ్మాయి చెయ్యి చాపింది, నేనూ చాపాను. ఇద్దరం చేతులు కలిపాక గానీ నాది కుడిచెయ్యని గమనించలేదు. ఆ అమ్మాయి, నీ ఫోర్‌హ్యాండ్‌కు నా కాళ్ళు విరిగినయి అని నవ్వి పోయింది. మేడం ఇదంతా చూశారనే అనుకుంటాను. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ దాని ఊసెత్తలేదు. షాద్‌నగర్ దాటాక, "సర్వీస్‌ల ఓడినవ్" అని మాత్రం అన్నారు. పొగడటం ఆమెకు చేతకాదు. పొగిడితే పట్టు వదులైపోతుందని ఆమె నమ్మకం.

ఆటల టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడూ అంతే. మిఠాయి డబ్బా పట్టుకొని పోతే ఒక ముక్క తిని, అక్కడ పిల్లలకు బూట్లున్నయా లేవా చూసుకో అన్నారు.

ఆమె పెండ్లి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలితో కలిసి పాత బస్టాండ్ వెనక కిరాయి ఇంట్లో ఉండేవారు. ఉద్యోగంలోంచి దిగిపోయాక కూడా పొద్దున్నే కాలేజీ కోర్టుకు పోయి, నేర్చుకుంటామన్న వాళ్ళకు నేర్పేవారు. ఆ తర్వాత ఆ కోర్టు జాగాలో కొత్త గదులు లేచాయి. వల తీసి ఎక్కడ పెట్టారో తెలియదు. ఆ సంగతి ఆమె ఒక్కసారే, మామూలుగా చెప్పారు, వాన పడ్డదన్నట్టు. కానీ ఆ తర్వాత బజారుకు ఆ దారిన పోకుండా చుట్టు తిరిగి పోయేవారని చెల్లెలు చెప్పారు.

రెండేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. దవాఖానలో చూడటానికి పోతే కళ్ళు తెరిచి ఉన్నారు, మాట కొంచెం మెలికపడుతోంది. కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను. ఆ చెయ్యి నన్ను పట్టుకోలేదు.

మాట తొందరగానే సర్దుకుంది. కాలు కూడా, కర్ర సాయంతో నాలుగడుగులు వేసేంతకు వచ్చింది. చెయ్యే రాలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకొనిపోయేవి. చెల్లెలు పొద్దున లేచి వాటిని ఒక్కొక్కటిగా విప్పి నూనె రాసేవారు, సాయంత్రానికి మళ్ళీ ముడుచుకొనేవి. నేను వీలైన ఆదివారాలు పోయేదాన్ని. మధ్యాహ్నం పోయి, ముందు గదిలో ఆమె పక్కన కూర్చొని, చాయ తాగి, బస్సు వేళకు లేచేదాన్ని. మా బడి పిల్లల సంగతులు అడిగేవారు. ఎవరి పట్టు ఎట్లా ఉందో, ఎవరు మూడో పలక వదలడం లేదో చెప్పమనేవారు. వింటూ వింటూ ఎడమచేత్తో చీర కొంగు లాగి కుడిచెయ్యి మీద కప్పుకొనేవారు. ప్రతిసారీ. నాకు అది చూడటం కష్టమయ్యేది. ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఒక ఆదివారం నేను ర్యాకెట్, పెన్ను తీసుకొని పోయాను. ఆమె అరచేతిలో రెండు చుక్కలు పెట్టి, పిడి మీద చెయ్యి ఆనించి చూద్దామని. నేను పెన్ను మూత తీయగానే ఆమెకు అర్థమైపోయింది. చెయ్యి ఇంకా లోపలికి తీసుకున్నారు.

"వద్దు బిడ్డా. నువ్వు చిన్నపిల్లవు, నీకు వచ్చేదుండె. నాది పొయ్యేది. పొయ్యేదాన్ని పట్టి గుంజొద్దు."

నేనేదో చెప్పబోయాను. వినలేదు. ర్యాకెట్ పక్కన పెట్టి పిల్లల సంగతి చెప్పమన్నారు. పెన్ను సంచిలో వేసుకున్నాను. ఆ రోజు బస్సులో వస్తూ, నాకు ఆమె చేసింది ఆమెకు నేను చేయలేనని తెలిసింది. నాకు పట్టు నేర్పడానికి ఆమె తన వేళ్ళు కట్టేసుకున్నారు. ఆమె చేతికి పట్టు రావడానికి నేను కట్టేసుకోదగింది నా దగ్గర ఏమీ లేదు.

ఈ ఎండాకాలం తర్వాత ఆమె మాటలు తగ్గిపోయాయి. పోయిన నెల చూసినప్పుడు నన్ను గుర్తుపట్టారు గానీ పిల్లల సంగతి అడగలేదు. నేనే చెప్పాను. కళ్ళు మూసుకొని విన్నారు. మంగళవారం మళ్ళీ పక్షవాతం వచ్చి దవాఖానకు తీసుకుపోయారు. బుధవారం తెల్లవారాక పోయారు. చెల్లెలు పక్కనే ఉన్నారు. బాధ పడలేదు, ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ ఆగిపోయిందన్నారు.

నేను పోయేసరికి ఇంటిముందు జనం ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. మా ముందు బ్యాచ్‌లవాళ్ళు, మా తర్వాతివాళ్ళు, ఒకామె చంకలో పిల్లతో. పాడె మోయడానికి వాళ్ళ పాలోళ్ళు, అంటే దాయాదులు, ఇద్దరే వచ్చారు, మిగతావాళ్ళు మోత్కూర్ నుంచి దారిలో ఉన్నారు. ఎవరు ఎత్తాలని గుసగుస మొదలైంది. ఒక పెద్దాయన ఆడపిల్లలు పట్టొద్దన్నాడు. మేడం చెల్లెలు గడపలోంచి లేచి వచ్చి, "దాని పిల్లలే మోస్తరు. మా అక్కకు గొంతుంటే గదే చెప్తుండె" అన్నారు. ఆ పెద్దాయన పక్కకు జరిగాడు. ముందు పాలోళ్ళు, వెనక నేనూ నా హాస్టల్ గది స్నేహితురాలూ ఎత్తాం. మేడం బరువు ఇంతేనా అనిపించింది. నిప్పు కూడా చెల్లెలే పెట్టారు.

సాయంత్రం స్నానాలు చేసి మళ్ళీ ఆ ఇంటికి వచ్చాం. జనం పలచబడ్డారు. తడి బట్టలు ఆరేయడానికి జాగా అడిగితే చెల్లెలు వెనక తలుపు తీశారు. అన్నేళ్ళు పోతున్నా ఆ ఇంటి వెనకవైపు నేనెప్పుడూ చూడలేదు. చిన్న ఎర్రమట్టి వాకిలి, ఒక నీళ్ళ తొట్టి, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఎదురుగా సున్నం వేసిన ప్రహరీ గోడ. గోడ కింది భాగమంతా ఎర్రమట్టి మచ్చలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి.

నేను వాటినే చూస్తున్నానని చెల్లెలు గమనించారు. పొద్దు పొడవక ముందే అక్క ఈ కుర్చీలో కూర్చొని బాల్ విసిరేదని చెప్పారు. ఏ చేత్తో అని అడిగాను.

"కుడిచేత్తోనే. వేళ్ళు నేను విప్పి బాల్ పెట్టేదాన్ని. కిందపడితే నేనే ఏరి ఇచ్చేదాన్ని. మొదట్ల ఒళ్ళోనే పడుతుండె. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. చెయ్యి వచ్చినంక చూపిస్తనన్నది."

ఆమె తడి బట్టలు తీగ మీద వేసి లోపలికి పోయారు. నేను గోడ దగ్గరికి పోయి కూర్చున్నాను. నేలకు ఆనుకొని ఉన్న మచ్చలు లెక్కలేనన్ని, పాతవి, వానకు మసకబారినవి. వాటి మీద జానెడు ఎత్తున ఇంకొన్ని. ఇంకా పైకి పోయేకొద్దీ తక్కువ. అన్నిటికంటే పైన ఒక్కటే ఉంది, నా మోకాలి ఎత్తున, ఎర్రగా, అంచు చెదరకుండా. దాని పైన గోడంతా తెల్లగా ఉంది.